నలుగురికే తెలిసిన మాట

పాప కనిపించకుండా పోయి గంటా పది నిమిషాలైంది.

తొమ్మిదేళ్ల పిల్ల. నాలుగు గంటలకు డ్రాయింగ్ క్లాసు వదిలారు. నాలుగూ అయిదుకు గేటు దగ్గరికి ఒకతను వచ్చాడు. నాలుగూ ఏడుకు పాప అతనితో వెళ్లిపోయింది. సీసీ కెమెరాలో కనిపించింది ఒక టోపీ, ఒక వీపు, అంతే.

ఆ ఇంటి ముందు గదిలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్‌కు పద్దెనిమిదేళ్ల సర్వీసు. అయినా పిల్లల కేసంటే ఆవిడ మాటిమాటికీ గడియారం చూస్తుంది. ఇప్పుడూ చూస్తోంది.

పాప వెంటనే వెళ్లలేదని గేటు వాచ్‌మన్ చెప్పాడు. రెండడుగులు వెనక్కి వేసి అతన్ని ఏదో అడిగిందట. అతను వంగి చెవిలో చెప్పాడట. అప్పుడే బ్యాగు భుజాన వేసుకుని వెంట నడిచిందట.

అది వినగానే తల్లి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మా ఇంట్లో ఒక గుర్తుమాట ఉంది మేడం. మేం పంపిన మనిషైతే ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే దేవుడొచ్చి పిలిచినా వెళ్లొద్దని నేర్పాను."

"ఎవరెవరికి తెలుసు?"

"నలుగురికే. నాకు, మా ఆయనకి, మా తమ్ముడికి, పాపకి."

అంటే ఇంటి మనిషే. గదిలో అందరి చూపూ మేనమామ మీద పడింది. మూడూ యాభై నుంచి అతని ఫోన్ స్విచాఫ్. ఇంటికి వచ్చింది అయిదూ పదికి.

"నాలుగింటికి ఎక్కడున్నావు?"

"కటింగ్ షాపులో."

"సాక్ష్యం?"

"నా తల చూడండి మేడం."

కానిస్టేబుల్ షాపుకు ఫోన్ చేశాడు. మూడూ నలభై అయిదు నుంచి నాలుగూ నలభై దాకా కుర్చీలోనే ఉన్నాడట. ఫోన్ చార్జింగ్ అయిపోయిందన్నదీ నిజమే. తండ్రి ఆఫీసులో ఇరవై మంది కళ్ల ముందున్నాడు. తల్లి ఇల్లు కదల్లేదు. ముగ్గురూ ఎవరికీ చెప్పలేదని ఒట్టేశారు.

మిగిలింది నాలుగో మనిషి.

ఇన్‌స్పెక్టర్ సోఫా మీదున్న పాప ట్యాబ్ అందుకుంది. ఆ గంటలో దాన్ని అందరూ చూశారు. కూర్చోడానికి అడ్డమని తండ్రి పక్కకు జరిపాడు కూడా. తెర మీద గేమ్ ఆగిపోయి ఉంది. 'మీ అకౌంట్ మరో ఫోన్‌లో తెరిచి ఉంది' అని ఒక లైను. కింద పాస్‌వర్డ్ అడుగుతోంది.

"పాస్‌వర్డ్ ఏంటమ్మా?"

తల్లి నోరు తెరిచి ఆగిపోయింది.

"నీలిగొడుగు. అదే మేడం, గుర్తుమాటే. ఇన్నిన్ని గుర్తుండవని అన్నిటికీ అదొక్కటే పెట్టాను. వైఫైకి, గ్యాస్ బుకింగుకి, పాప గేమ్‌కి."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట కొట్టి, గేమ్‌లోని చాట్ తెరిచింది. తనకు పదకొండేళ్లని చెప్పుకున్న ఒక ఫ్రెండ్. రెండు నెలల కబుర్లు. డ్రాయింగ్ క్లాసు ఎప్పుడు, ఎక్కడ అన్నవి మాటల్లో పాపే చెప్పింది. అతను ఫోటో అడగలేదు, ఫోన్ నంబర్ అడగలేదు. గేమ్‌లో బొమ్మకు రెక్కలు కొనిస్తానని పాస్‌వర్డ్ అడిగాడు. అది తమ ఇంటి గుర్తుమాట కూడా అని, ఎవరికీ చెప్పకూడదని పాప రాసింది. 'నేను ఎవరో కాదుగా, ఫ్రెండ్‌ని' అని అతను రాశాడు. మూడో రోజు పాప చెప్పేసింది.

"కొత్తవాళ్లతో మాట్లాడొద్దని రోజూ చెప్తాను మేడం," అంది తల్లి.

"రెండు నెలలు రోజూ కబుర్లాడినవాడు పిల్లకి కొత్తవాడు ఎలా అవుతాడమ్మా?"

పాప అకౌంట్ మరో ఫోన్‌లో తెరిచి ఉందంటే, పాప ఏడవకుండా అతను తన ఫోన్ చేతికిచ్చి ఆడిస్తున్నాడన్నమాట. ఇన్‌స్పెక్టర్ సైబర్ సెల్‌కు ఫోన్ చేసింది. అయిదూ నలభై ఎనిమిదికి లొకేషన్ దొరికింది. బస్టాండు. ఆరు గంటల నాలుగు నిమిషాలకు దూరప్రయాణపు బస్సు వెనక సీట్లో ఇద్దరూ దొరికారు. బస్సు కదలడానికి ఇంకో ఆరు నిమిషాలుంది. ఆ 'పదకొండేళ్ల ఫ్రెండ్'కు ముప్ఫై దాటాయి.

స్టేషన్లో తల్లి పాపను గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నేను మాట అడిగాను. కరెక్టుగా చెప్పాడు. అప్పుడే వెళ్లాను. నేను తప్పు చేయలేదుగా?"

"లేదు తల్లీ. నేను చెప్పినట్టే చేశావు."

అనేశాక ఆ తల్లికి అసలు భయం పట్టుకుంది. పిల్ల నిజంగానే తను చెప్పినట్టే చేసింది.