పుచ్చకాయ ఎక్కడుంది?

ఐదో పుచ్చకాయ కూడా సైదులు కాళ్ళ దగ్గర పడి పగిలింది. లారీ మీద నుంచి విసిరేవాళ్ళు పకపకా నవ్వారు. పళ్ళ మార్కెట్‌లో ముప్ఫై ఏళ్ళుగా కాయలు పట్టిన చేతులండీ అవి! "యాభై దాటినయ్, చెయ్యి మందమైంది. ఇట్లనే కాయలు జారవిడుస్తుంటె ముఠాలకెల్లి తీసేస్త" అని మేస్త్రీ బాలయ్య బెదిరించబట్టే కదా, అతను కంటిచూపు మీద పరిశోధన చేసే డాక్టర్ ప్రమీలారాణి ప్రయోగం కోసం తయారుచేసిన ఈ కళ్ళద్దాలు పెట్టుకున్నది!

"కాయ కనిపించిన కాడనే చెయ్యి వెట్టిన గద మేడం!"

"అదే తంటా, సైదులుగారూ. కన్ను పంపిన కబురు మెదడుకి చేరేసరికి సెకనులో పదో వంతు గడిచిపోతుంది. ఈలోగా కాయ ముందుకొచ్చేస్తుంది. అందుకని మెదడు, అది ఈపాటికి ఎక్కడుంటుందో అంచనా కట్టి అక్కడ చూపిస్తుంది. వయసు మీదపడితే ఆ అంచనా తడబడుతుంది. నా అద్దాల్లో ప్రాసెసర్ ఆ లెక్క తనే వేసి, కాయను ముందుకు జరిపి చూపిస్తుంది. మీ మెదడేమో అలవాటుకొద్దీ ఇంకాస్త జరిపింది. నాలుగు రోజుల్లో మానేస్తుంది లెండి."

మానేసింది. ఐదో రోజు నుంచి ఒక్క కాయ జారితే ఒట్టు! మేస్త్రీ నోరెళ్ళబెట్టాడు. నెల తిరిగేసరికి ప్రయోగం ముగిసింది. ప్రమీలారాణి చాలా థాంక్స్ చెప్పి అద్దాలు వెనక్కి తీసుకుంది.

మర్నాడు మొదటి కాయే సైదులు ఛాతీకి తగిలింది. కాయ వచ్చిపడ్డాక గానీ చెయ్యి లేవడం లేదు. మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు. కడుపు మండిపోయిన సైదులు తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళాడు.

"మీ అద్దాలు మీకిచ్చిన. నా అంచనా నాకియ్యండ్రి!"

ఆవిడ మొహం పాలిపోయింది. "అది మళ్ళీ నేర్చుకోవాలి. ఎవరైనా రోజూ కాయలు విసరాలి."

"పని మానుకొని నాకెవరు ఇసురుతరు మేడం?"

చేసిన నిర్వాకానికి ఇంకెవర్ని పిలుస్తుంది! కొంగు నడుముకి దోపి, ల్యాబ్ ముందు నిలబెట్టిన కాయల ట్రాలీ ఎక్కింది. మొదటిరోజు ఆవిడ విసిరిన కాయ సగం దూరం కూడా రాలేదు. నాలుగో రోజుకి దూరం కుదిరింది గానీ సైదులు డజను జారవిడిచాడు. ల్యాబ్ సిబ్బందికి పుచ్చకాయంటే వెగటు పుట్టింది. ఎనిమిదో రోజు నలభై కాయలు విసిరితే నలభై పట్టాడు. ఆ ముసలి కళ్ళతోనే, ఏ అద్దాలూ లేకుండా! సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేశాడు.

కబురందుకుని వచ్చిన మేస్త్రీ కాసేపు కన్నార్పకుండా చూశాడు.

"ఇదివరకటి కంటే చురుగ్గున్నవ్ సైదులూ. రేపు పొద్దుగాల వచ్చెయ్."

తర్వాత ట్రాలీ వైపు తల తిప్పాడు.

"అమ్మా, నీ ఇసురుడు మస్తుగున్నది. నువ్వు గూడ రా."

ఇరవై ఏళ్ళు కంటిచూపు మీద పరిశోధన చేసిన డాక్టర్ ప్రమీలారాణి చేతులు దులుపుకుంటూ, "ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.