ఫ్యాన్ కింద బంగారు రేకు

విఠల్‌రావు కింద ఉద్యోగం చేసే కంటే చార్మినార్ దగ్గర పూలమ్ముకోవడం నయమని సీక్రెట్ ఏజెంట్ ఈశ్వరయ్య ఆరేళ్లుగా అనుకుంటున్నాడు. 1958లో ఆ బుధవారం పొద్దున మరీ అనుకున్నాడు.

"సార్, పదకొండుకు నయాపూల్ కోర్టుల నా జల్‌పల్లి భూమి కేసు. ఇదే ఆఖరు వాయిదా. నేను లేకుంటే చిన్నాయన కొడుకు ఎత్తుకపోతడు."

"కోర్టు సంగతి తర్వాత." విఠల్‌రావు ఫైలు తెరిచాడు. "బొంబాయి రియాక్టర్‌లో న్యూట్రాన్ ఆయుష్షు కొలుస్తున్నారు. బయటికొచ్చిన న్యూట్రాన్ కాసేపే బతుకుతుంది, తర్వాత ప్రోటాన్, ఎలక్ట్రాన్‌గా విడిపోతుంది. బీమ్‌లో న్యూట్రాన్లెన్నో చెప్పేది బంగారు రేకు. చార్మినార్ దగ్గర వరక్, అదే ఊదితే ఎగిరే పలుచటి రేకు, కొట్టేవాళ్లతో చేయించాం. రేకు బరువు మారిందా, లెక్క తప్పినట్టే. లోకమంతా నవ్వుతుంది. రేకు మార్చేయాలని చూస్తున్న విదేశీ ముఠాకు కావలసిందీ అదే. పదకొండుకు పెట్టె సీలై విమానానికి పోతుంది."

"నేనే ఎందుకు సార్?"

"నాలుగో క్లాసు ఎగ్గొట్టి వరక్ కొట్టినోడివి నువ్వే కదా! ఇన్నాళ్లకు నీ చదువు పనికొచ్చింది."

ఈశ్వరయ్య పళ్లు నూరుకున్నాడు.

పదీ నలభై. పాలవాడి వేషం, క్యాన్ అడుగున రివాల్వర్. చార్మినార్ పక్క సందులో కింద వరక్ సుత్తుల మోత, పైన మేడగది. బొంబాయి నుంచి వచ్చిన సైంటిస్టు డాక్టర్ అనంతపద్మనాభం సీలు వేయడానికి లక్క కరిగిస్తున్నాడు. పక్కన నల్లద్దాలు, నీలం పట్టుచీర: అసిస్టెంట్ కోమలవల్లి. డిపార్ట్‌మెంట్‌కు రహస్యంగా రిపోర్టులిచ్చేది ఆమే.

"వెన్న తియ్యని పాలు, అమ్మా!"

"మాకు మజ్జిగే అలవాటు."

కోడ్ కలిసింది. అయినా ఈశ్వరయ్యకు ఏదో నచ్చలేదు. బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద బంగారు రేకు. పైన సీలింగ్ ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. రేకు మాత్రం కదలడం లేదు!

వరక్ ఇంట్లో ఒళ్లు ఉడికిపోయినా ఫ్యాన్ వెయ్యరు, కిటికీ తెరవరు. ఒక్క తుమ్ముకే రేకు గోడెక్కుతుంది.

"సార్, సీల్ ఆపుండ్రి! గా రేకు వరక్ కాదు. మందపు రేకు."

"ఇందాకే తూచానయ్యా!"

"గప్పుడు ఫ్యాన్ బంద్ ఉండెనా?"

డాక్టర్ తలెత్తి ఫ్యాన్ చూశాడు. "ఉక్కపోస్తోందని ఇప్పుడే కోమలవల్లి..."

కోమలవల్లి అప్పటికే పౌడర్ డబ్బీ పట్టుకుని గుమ్మంలో ఉంది. "అసలుది ఇందులో ఉంది. ఒక్కడుగు వేస్తే మూత తీస్తా. మిగతాది మీ ఫ్యానే చూసుకుంటుంది."

"తియ్యి, చూస్తా."

తీసింది. రేకు మెరుస్తూ పైకి లేచింది. ఈశ్వరయ్య బల్ల మీది కాగితాల కట్ట రెండు చేతులా విప్పి గాల్లోనే ఠపీమని మూశాడు. ఎగిరిన రేకును పట్టకపోతే చిన్నప్పుడు ఉస్తాద్ వీపు పగలగొట్టేవాడు.

"నలిగిపోయింది!" డాక్టర్ కట్ట మీదికి వంగాడు.

"నలిగితే ఏంది సార్? తూచుండ్రి, బరువు పోలే."

త్రాసు ముల్లు ఇందాకటి అంకె మీదే నిలిచింది. సరిగ్గా పదకొండుకు సీలు పడింది. మెట్ల కింద కాపు కాసి, పారిపోతున్న కోమలవల్లిని పట్టుకున్న విఠల్‌రావు ఫొటోకు నవ్వుతూ నిలబడ్డాడు.

ఈశ్వరయ్య పాల క్యాన్‌తోనే నయాపూల్‌కు ఉరికాడు. కోర్టు గుమ్మంలో జవాను చేయి అడ్డం పెట్టాడు. "మూడుసార్లు పిలిచిన బాపూ. తీర్పు అయిపోయింది."

దేశం బంగారం రవ్వంత కూడా తగ్గలేదు. ఈశ్వరయ్యకు తగ్గింది మాత్రం రెండెకరాల పదమూడు గుంటలు, బావితో సహా.