వంటింటి మీటరు మీద వినాయకుడు

"మళ్ళీ మీరేనా?" అంది ఉదయశ్రీ తలుపు తీస్తూ.

"మళ్ళీ మీ మీటరేనండి," అన్నాడు అనంత్, చెప్పులు గుమ్మం బయట విడిచి, వానకు తడిసిన సంచి దులుపుకుంటూ. "పలాస మొత్తం లెక్క సక్కగా పంపుతోంది. మీ ఇల్లొక్కటే అలిగి కూకుంది."

నెల తిరక్కుండా ఇది మూడోసారి. పైపు గ్యాసు మీటరుకు ఆ మధ్య ఓ చిన్న డిజిటల్ రీడరు బిగించి వెళ్ళాడు. ఎంత గ్యాసు కాలిందో అది రోజూ ఆఫీసుకు తనంతట తనే చెప్పాలి. ఈ ఇంట్లో మాత్రం అతను ఎదురుగా ఉన్నంతసేపూ చెబుతుంది, అతను గడప దాటగానే మూగనోము పట్టేస్తుంది.

ఎందుకో ఉదయశ్రీకి తెలుసు.

వంటింట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా నాయనమ్మ సూర్యకాంతానికి దాని మీద దేవుడుండాలి. వెనకాల అయస్కాంతం ఉన్న బొటనవేలంత వినాయకుణ్ణి తెచ్చి మీటరు మీద అంటించింది, సరిగ్గా రీడరు పక్కన. పూజారుల ఇల్లాయె, మడి ఎక్కువ. బయటి చేతులు స్వామికి తగలకూడదని, అనంత్ బండి చప్పుడు వినగానే ఆయన్ని తీసి పూజ గదిలో పెట్టేస్తుంది. అతను వెళ్ళగానే స్వామి మళ్ళీ యథాస్థానం.

పోయినసారి అనంతే వివరించాడు. "లోపల అంకెల సక్రానికి సిన్న అయస్కాంతం ఉంటాదండి. అది తిరిగినప్పుడల్లా ఈ రీడరు ఒకటి లెక్కెడతాది."

ఉదయశ్రీ నందిగాం హైస్కూల్లో సైన్సు టీచరు. ఆ పక్కన ఇంకో అయస్కాంతం పెడితే ఏమవుతుందో ఆవిడకు ఒకరు చెప్పాలా? అప్పుడే నోరు తెరిచి ఉంటే సరిపోయేది. తెరిస్తే అతను మళ్ళీ రాడు. అందుకని కుక్కిన పేనులా ఊరుకుంది.

ఇవాళ కూడా అతను మీటరు ముందు గొంతుక్కూర్చుని, "టీ పెట్టండి టీచరు గారూ, సూద్దాం," అన్నాడు.

"టెస్టింగుకా, తాగడానికా?"

"టెస్టింగు టీ పారబోత్తారేటండి?"

ఆమె స్టవ్ వెలిగించింది. రీడరు మీద అంకె బుద్ధిగా మారింది. ఎప్పుడూ దానికి మురిసిపోయేవాడు ఇవాళ నవ్వలేదు.

"ఏమైందండీ?"

"మూడుసార్లు ఆగింది కదండి. నా ఫిట్టింగే బాగోలేదని సారు రాసేశారు. ఇంకా ట్రయల్లోనే ఉన్నాను. రేపట్నుంచి రావద్దన్నారు." గొంతు తగ్గించాడు. "కవిటిలో అమ్మకి ఇంకా సెప్పలేదు. నాకు ఈ పని దొరికిందనే తను కూలికెల్డం మానింది."

తన ముచ్చట ఇంకొకరి కూటికి ఎసరు పెడుతుందని ఉదయశ్రీ కలలో కూడా అనుకోలేదు. ఒక్క అంగలో పూజ గదిలోకి వెళ్ళింది.

"మడి కట్టుకోకుండా ముట్టుకుంటావేటే," అంటూ సూర్యకాంతం వెనకే వచ్చింది.

ఉదయశ్రీ వినాయకుణ్ణి మీటరుకు అంటించింది. స్టవ్ మండుతూనే ఉంది. అంకె మాత్రం ఆగిపోయింది. అనంత్ నోరు తెరుచుకుని చూశాడు.

"మీ సారుకి ఫోన్ చెయ్యండి. స్పీకర్లో పెట్టండి."

అతను చేశాడు. ఆమె చెప్పింది.

"సార్, తప్పు అనంత్ గారిది కాదు. మా మీటరు మీద అయస్కాంతం ఉంది. మీ మనిషి వచ్చినప్పుడల్లా తీసి లోపల పెట్టేవాళ్ళం. దొంగబుద్ధితో కాదండీ, మడి కోసం."

అవతల సారు ఏదో కాగితం తిరగేశాడు. "ఫోటో తీసి పంపమనండమ్మా. అతని మీద రాసింది తీసేయిస్తాను. రేపు డ్యూటీకి రమ్మనండి."

అనంత్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఈ హడావిడికి ఉదయశ్రీ తండ్రి జగన్మోహనరావు పేపరు పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"సైన్సు చెప్పేదానివి. ఇన్నాళ్ళూ నీకు తట్టలేదా?"

తట్టలేదంటే పోయేది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"రెండోసారే తట్టింది నాన్నా. చెబితే ఈయన మళ్ళీ రారని చెప్పలేదు."

టీ పొంగిపోయింది. ఎవరూ స్టవ్ కట్టలేదు.

"పది రోజులై నాకు నిద్ర లేదండి," అన్నాడు అనంత్ మెల్లగా.

"క్షమించమని అడిగే మొహం లేదు నాకు."

"నేనూ ఒకటి సెప్పాలండి. ఈ పని పది నిమిషాలది. మీ ఇంట్లో గంట సేసేవోణ్ణి."

"హలో," అంది ఫోను. "నేనింకా లైన్లోనే ఉన్నాను. ఇదంతా రిపోర్టులో రాయాలా?"

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జగన్మోహనరావు మాత్రం నవ్వలేదు. కూతురి వంక చూశాడు, కుర్రాడి వంక చూశాడు. ఫోను అందుకుని, స్పీకరు ఆపేసి వసారాలోకి నడిచాడు. ఇంత మడి పాటించే ఇంట్లో నాన్న ఏమంటాడో ఉదయశ్రీకి అంతుపట్టలేదు.

వాన చప్పుడు మధ్యలోంచి ఆయన గొంతు నెమ్మదిగా వినిపించింది.

"పని సంగతి సరేనండీ. కుర్రాడు ఎలాంటివాడు? ఆడపిల్ల తండ్రిని, నాలుగూ కనుక్కోవాలి కదా."