సున్నం విన్న మాట

అధ్యక్షుడి గది గోడ మీద ఎర్రటి వెలుగుచుక్క ఒకటి చీమలా పాకుతోంది. అది పాకిన మేర పిసరంత సున్నం పొడిగా రాలి, కింద పరిచిన గుడ్డ మీద పడుతోంది. డాక్టర్ రెహమత్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. అతని వెనక కుర్చీలో సూరాడ నూకరత్నం చెప్పులు విప్పి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ప్రజాసభ వేసిన విచారణ సంఘానికి ఆవిడే చైర్‌పర్సన్. గోడ నోరు విప్పుతుందని ఎనిమిది రోజులుగా కాచుకుని ఉంది.

తూర్పు దీవుల గణతంత్రం పెద్ద దేశమేమీ కాదు. నాలుగు దీవులు, నలభైతొమ్మిది మంది సభ్యులున్న ప్రజాసభ, ఒక అధ్యక్షుడు. తీరం మునిగిపోతుంటే పడవల్లో వచ్చి స్థిరపడ్డ తాతలు తమతో ఒక ఆచారం తెచ్చుకున్నారు. ఏటా అవతరణ దినానికి ముందు రోజు తెల్లవారకముందే, పెద్ద కూర్చునే గదికి గుల్ల సున్నం వేయిస్తారు. పాతదంతా కప్పేసి కొత్తగా మొదలెట్టమని దాని భావం. కప్పెయ్యడం వరకూ ఏ అధ్యక్షుడూ లోటు చెయ్యలేదు.

పోయినేడు సరిగ్గా సున్నం వేసిన రోజే తుఫాను వచ్చింది. జనాన్ని ఖాళీ చేయించాలని వాతావరణ కేంద్రం పొద్దున ఎనిమిదింటికే అధ్యక్షుడికి ఉత్తరం పంపింది. ఆయన సరేనంటే తప్ప సైరన్ మోగకూడదని చట్టం. సైరన్ మోగింది మధ్యాహ్నం మూడింటికి. అప్పటికే పెదలంక గట్టు తెగి ముప్పై ఒక్క మంది కొట్టుకుపోయారు. రెండున్నరదాకా ఆ ఉత్తరం తన కంటబడలేదని అధ్యక్షుడు చోడిపల్లి ధనరాజు ప్రమాణం చేసి చెప్పాడు. ఉత్తరమూ, ఆ రోజు గదికి ఎవరెవరొచ్చారో రాసిన రిజిస్టరూ ఒకేసారి మాయమయ్యాయి.

"సైరన్ మోగించొద్దన్న నోరెవరిది?" అని నూకరత్నం సభలో ఎనిమిది నెలలు అడిగింది. పెదలంక ఆవిడ సొంత దీవి. ఆ ప్రశ్న నాలుగు దీవుల్లోనూ పిల్లలకి కూడా నోటికి వచ్చేసింది.

అలాంటి సమయంలో రెహమత్ తన కాల్సిఫోన్ యంత్రం పట్టుకొచ్చాడు. సంగతి చాలా తేలిక. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. ఆ నాలుగైదు గంటల్లో గదిలో ఎవరు మాట్లాడినా ఆ శబ్దం ఒత్తిడికి సున్నంలోని స్ఫటికాలు ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా అమరుతాయి. లేజర్‌తో పొరపొరా గీకి, కంప్యూటర్‌తో ఆ అమరికను చదివిస్తే మాట మళ్ళీ మాటవుతుంది. చిక్కల్లా ఒకటే, చదివిన పొర పొడైపోతుంది. గోడ ఒక్కసారే చెబుతుంది.

"దొరికింది మేడమ్," అన్నాడు రెహమత్. ఒక హెడ్‌ఫోన్ తీసి ఆవిడకిచ్చాడు.

గరగరల మధ్య నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. ఆ గొంతుని నూకరత్నం రోజూ టీవీలో వింటూనే ఉంది.

"ధనరాజూ, ఇయాల మా లంకలో కొత్త రేవు ప్రారంభం. రెండువేల మందికి వంటలవుతన్నాయి. సైరన్ మోగిందంటే కాకి కూడా ఉండదు. ఈళ్ళు ఏటా పది తుఫాన్లు సెప్తారు, తొమ్మిది రావు. భోజనాలయ్యేదాకా ఆపించు బాబూ."

"ఈసారి గట్టిగానే రాశారక్కా," అంది ధనరాజు గొంతు.

"ఏటీ అవదులే."

తర్వాత ధనరాజే అన్నాడు: "సరే. సెక్రటరీగారూ, సైరన్ ఆపండి. రెండున్నరదాకా ఈ ఉత్తరం నేను చూళ్ళేదు. అర్థమైందా?"

నూకరత్నం తన గొంతు తనే గుర్తుపట్టింది. ఆ పొద్దున తను ఇక్కడికి రావడం గుర్తుంది. ఆహ్వానపత్రం ఇవ్వడం, చక్కెర ఎక్కువైన కాఫీ తాగడం గుర్తున్నాయి. ఈ మాట మాత్రం ఎప్పుడో జారిపోయింది. జారిపోలేదు, తనే జారవిడిచింది. ఎవరి నోరు అని ఊరూవాడా తిరిగి అడిగిన నోరే ఆ నోరు. సిగ్గుతో ఆవిడ తల ఎత్తలేకపోయింది.

రెహమత్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు యంత్రం తెలుసు గాని చట్టం తెలీదు మేడమ్. ఇప్పుడేం చెయ్యాలి?"

చట్టం ఆవిడకి కంఠతా వచ్చు. సభకి వినిపించేముందు, యంత్రం నడిపేవాళ్ళు కాక, చైర్‌పర్సన్ ఒక్కరే వినాలి. విషయానికి సంబంధం లేని సొంత కబుర్లుంటే తీసేయించాలి, తీసేసింది ఆ రోజే చెరిపేయించాలి. ఇంకో నియమం కూడా ఉంది. విచారించేవాళ్ళకే నేరంలో పాలుందని తేలితే విచారణ మొత్తం కొట్టుకుపోతుంది. అదే ఆరోపణ మీద రెండో విచారణ ఉండదు. అంటే తన గొంతున్న ఈ నలభై సెకన్లు సభలో వినిపిస్తే ధనరాజు దర్జాగా ఇంటికి పోతాడు. చచ్చిపోయినవాళ్ళకి న్యాయం జరగాలంటే ఇవి పోవాల్సిందే అని ఆవిడ మనసుకి చెప్పుకుంది. అది అబద్ధం కాదు. అదొక్కటే కారణమని చెప్పుకోవడం అబద్ధం.

"మొదటి నలభై సెకన్లు, ఆ ఏమీ అవదన్న ముక్కదాకా, సంబంధం లేని కబుర్లు. తీసెయ్యండి," అంది.

"సంబంధం లేనివేనా మేడమ్?"

"ఆ మాట చెప్పాల్సింది నేను."

"అయితే రాసివ్వండి," అన్నాడు రెహమత్, ఆవిడ వంక చూడకుండా.

రాసిచ్చింది. కలం ఎక్కడా ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడు ప్రజాసభ కిటకిటలాడింది. ముందు వరసలో పెదలంక పోలమ్మ కూర్చుంది. ఆ రోజు రేవు దగ్గర భోజనాలకని వెళ్ళిన ఆమె మొగుడూ, తొమ్మిదేళ్ళ కూతురూ తిరిగి రాలేదు. "సైరన్ ఆపండి" అని ధనరాజు గొంతు వినబడగానే ఆమె నోట కొంగు కుక్కుకుంది.

ధనరాజు లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. "దీనికి ముందు మాటలేవీ? రత్నమక్క నా ఎదురుగా కూర్చుని ఆపించమని అడిగింది. ఆ ముక్కలేవీ?"

సభ గొల్లుమంది. మునిగేవాడు పక్కవాళ్ళని కూడా లాగుతున్నాడని ఒకరు అరిచారు. స్పీకర్ రెహమత్‌ని అడిగాడు: "డాక్టరుగారూ, రికార్డులో ఆవిడ గొంతు ఉందా?"

"సభకి సమర్పించిన భాగంలో లేదండి," అన్నాడు రెహమత్. ప్రతి అక్షరమూ నిజమే. అన్నాక తన బూట్ల వంక చూసుకుంటూ కూర్చుండిపోయాడు.

ఓటింగ్ జరిగింది. ధనరాజుని పదవి నుంచి నలభై ఆరుగురు తీసెయ్యమన్నారు, ముగ్గురు వద్దన్నారు. బయటికి వెళ్తూ ధనరాజు నూకరత్నం బల్ల దగ్గర ఆగాడు.

"ఎనిమిది నెలలు అబద్ధం చెప్తే సగం దేశం నమ్మిందక్కా. ఇవాళ నిజం చెప్తే ఒక్కడూ నమ్మలేదు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆ పైవారం సభ ఆవిడనే అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. వద్దని రెండుసార్లు అంది. అలా అనేవాళ్ళే కావాలన్నారు.

కాల్సిఫోన్ దీవులన్నీ పాకిపోయింది. పెళ్ళిమాటలకి ముందు రెండువైపులవాళ్ళూ కలిసి తాము కూర్చోబోయే గదికి సున్నం వేయించడం మొదలెట్టారు. కోర్టులో ఎవడైనా ఒట్టు పెట్టుకుంటే జడ్జి ఆవలించేవాడు. మొగుడూపెళ్ళాలు కూడా ఏదన్నా తేడా వస్తే గోడనే అడిగేవాళ్ళు. మనిషి మాటకి మునుపు ఎంత విలువుందో గాని, ఇప్పుడు బొత్తిగా లేకుండా పోయింది.

నూకరత్నానికి అన్నం సహించడం మానేసింది. ఎక్కడికెళ్ళినా ముప్పై ఒక్క కుటుంబాలవాళ్ళూ దండలు తెచ్చేవారు. ఆ దండ పడ్డప్పుడల్లా మెడ కాలినట్టుండేది. నాలుగు నెలలు ఓర్చి, ఒక ఉదయం కారూ గార్డులూ లేకుండా లాంచీ ఎక్కి పెదలంక వెళ్ళింది.

పోలమ్మ ఇంటి ముందు నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. ఆవిడని చూసి హడావుడిగా చేతులు తుడుచుకుంది. "అయ్యో అక్కా, కబురెట్టుంటే నానే వద్దును గదా! కూకో, కూకో."

నూకరత్నం కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. "పోలమ్మా, సైరన్ ఆపించమంది నాను. ఆ పొద్దున ధనరాజు గదికెళ్ళి నానే అడిగినాను. రేవు పండగ చెడిపోద్దని అడిగినాను. ఆ గొంతు గోడలో ఉంటే తీయించేసినాను. నీ మొగుణ్ణీ నీ కూతుర్నీ సంపింది నానే. నన్నేటన్నా అను."

పోలమ్మ చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎందుకక్కా అలాగ కుమిలిపోతావు? నువ్వే అనుంటే సున్నం సెప్పదా? సున్నం అబద్ధమాడదు గదా. ఆ రోజు రేవు కట్టించింది నువ్వని, మాకు అన్నాలెట్టింది నువ్వని, తప్పంతా నీ నెత్తినేసుకుంటన్నావు."

"కాదే, నా మాట నమ్మవే. డాక్టర్నడుగు, నాను రాసిచ్చిన కాగితముంది."

"కాయితాలకేటుంది, ఎవులైనా రాత్తారు." పోలమ్మ కొంగుతో ఆవిడ మొహం తుడిచి, పక్కిళ్ళవైపు తిరిగి కేకేసింది. "ఒలే, రండే! అక్క సూడండే ఎలాగైపోయిందో, మన కోసం బెంగెట్టుకుని!"

ఆడవాళ్ళు పనులొదిలేసి పరుగున వచ్చారు. వాళ్ళలో ఆ రోజు ఎవర్నీ పోగొట్టుకోనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. నూకరత్నం మళ్ళీ చెప్పింది, ఈసారి అందరికీ వినబడేలా గట్టిగా, ఒక్క ముక్క కూడా దాచకుండా.

వాళ్ళు కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్కరే వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టారు.