బేరిగైలో మూడో పిలుపు

హోసూరు బస్టాండు వెనక సందులో కదిరప్పన్న మైకుసెట్టు అంగడి ఉండేది. ముందు గదిలో లౌడ్‌స్పీకరు గొట్టాలు, వైరు చుట్టలు. వెనక గదిలో ఎప్పుడూ టంకం వాసన. పెళ్ళయినా, జాతరయినా చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన సెట్టే పోయేది. ఆ అంగడి గుమ్మంలో కూర్చుని నేను సణిగినంతగా ఇంకెవరూ సణిగి ఉండరు.

నా సణుగుడికి కారణం ఉంది. నేను మునెప్ప నాటకాల కంపెనీలో గిటార్ వాయించేవాణ్ణి. ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉక్కు కడ్డీ తీగల మీద జారిస్తే మోగే గిటార్ అది. బెంగుళూరు దండులో, అదే కంటోన్మెంటులో, ఒక బ్యాండువాడి దగ్గర నేర్చుకున్నాను. కంపెనీలో హార్మోనియం వాయించే వీరప్ప కాలు విరిగి మంచాన పడితే ఆ చోటు నాకు దొరికింది. దొరికిందన్న పేరే గాని, మద్దెల మోగిందంటే నా గిటార్ ఎవరి చెవికీ చేరేది కాదు. కదిరప్పన్న సెట్టులో ఆంప్లిఫైయరు వాల్యూము సగం దాటిస్తే పగిలిన కుండలో గులకరాళ్ళు ఆడించినట్టు గరగరమనేది. తగ్గిస్తే వినపడదు, పెంచితే వినబుద్ధి కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జనం ఈలలు వేసి, ఆ కంబి జోరీగను ఎవరైనా తోలండప్పా అని నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అరవై మూడో సంవత్సరం వేసవిలో వీరప్ప కాలు బాగయింది. మునెప్ప నన్ను పిలిచి ఒక్కటే మాట చెప్పాడు. బేరిగై ఆటలో గిటార్ ఊరంతా వినిపించాలి, లేకపోతే వీరప్ప తిరిగి వస్తాడు. ఆ చోటు పోతే నాకు మా అన్న చేలో కలుపు తీయడమే గతి. గిటార్‌ను అటక మీద పెట్టి బతకడం నావల్ల కాదు.

సెట్టు బలం పెంచమని కదిరప్పన్న వెంట పడ్డాను. సెట్టును ఒక గది అనుకోమన్నాడాయన. గది చిన్నది, గిటార్ లేచి నిలబడితే తల పైకప్పుకు తగులుతోంది, ఆ దెబ్బే నాకు వినిపించే గరగర. మీట తిప్పితే గది పెరగదు, కప్పు ఎత్తాలి. మరి ఎత్తవచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు.

"దూరం పోయే గొంతు మంచిది కాదప్పా. ఎవురెవురు వింటారో మనకేం తెలుసు?"

ఆయన చాదస్తం ఊరందరికీ తెలుసు. మిగతా మైకువాళ్ళు హలో హలో అని అరిచి పరీక్ష చేస్తే ఈయన మైకు మీద గోటితో టకటక కొట్టేవాడు, అంతే. సందెవేళ ఎవరి పేరూ మైకులో పలకనిచ్చేవాడు కాదు. మా పక్క పెద్దవాళ్ళు ఒక మాట చెబుతారు. సందెవేళ పేరుపెట్టి కేక వేయకూడదు, ఆ పేరు విన్నది ఏదైనా సరే దాన్ని పట్టుకుని తిరిగి పిలుస్తుంది. ఎవరైనా పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. అట్లాంటివి రెండుసార్లే పిలవగలవట. మూడోసారి పిలిచేది మనిషేనట. ఈ మాటను కదిరప్పన్న ప్రాణంలా పాటించేవాడు. అంగడికి వచ్చినవాళ్ళు రెండుసార్లు పిలిచి, లేడనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

చివరికి నా పోరు పడలేక సెట్టు విప్పాడు. గాజు బుడ్డీల్లాంటి రెండు పెద్ద వాల్వుల చోట నాలుగు పెట్టాడు. పాత సినిమా టెంటు సెట్టు నుంచి తీసిన బరువైన ట్రాన్స్‌ఫార్మరు బిగించాడు. వాల్వులకు పోయే వోల్టేజీ పెంచాడు. బలమంతా మింగేసే డుమ్ముడుమ్మనే కింది స్వరాల మోతను కొంత కోసేశాడు. తీగ మీటి వాల్యూము చివరిదాకా తిప్పాను. గరగర లేదు. సందు చివర సోడా కొట్టువాడు లేచి నిలబడి చూశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కదిరప్పన్న మాత్రం నవ్వలేదు.

బేరిగైకి అప్పటికి కరెంటు కొత్త. మేము పోయేసరికి పొద్దు వాలుతోంది. మునెప్ప మూడు గొట్టాలు పందిరి చుట్టూ కట్టించి, నాలుగోది ఊరి చివర కానుగ చెట్టుకు కట్టమన్నాడు, పక్క పల్లెల జనం విని రావాలని. ఆ చెట్టు దాటితే వల్లకాడు. ఎవరూ ముందుకు రాలేదు. కదిరప్పన్నే లాంతరు వెలిగించుకుని, వైరు చుట్ట భుజాన వేసుకుని పోయాడు. నేను గోటితో మైకు కొడతాను, ఆయన గొట్టంలో వినిపిస్తే లాంతరు పైకెత్తుతాడు. అదీ మా ఒప్పందం.

చేలల్లో మోటార్లు ఆగాయి. వోల్టేజీ పెరిగింది. అంతదాకా మసగ్గా ఉన్న వాల్వులు ఎర్రబడ్డాయి. వేడెక్కిన దుమ్ము, వార్నీషు కలిసిన వాసన వచ్చింది. మైకు కొట్టాను. లాంతరు లేవలేదు. మళ్ళీ కొట్టాను. గిటార్ మీటాను. ఊహూ. నా వెనక మునెప్ప చేతులు కట్టుకుని గొంతు సవరించుకుంటున్నాడు. వీరప్ప రానే వచ్చాడు. హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారింట విస్తరి కోసం కూర్చున్నట్టు నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు చూసి నా ఓపిక చచ్చింది. మైకు లాక్కున్నాను.

"కదిరప్పన్నా..."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎక్కడా పగల్లేదు. చేల మీదుగా పోయి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. ఊళ్ళో కుక్కలు మొరగడం ఆపేశాయి.

"కదిరప్పన్నా, వినిపిస్తాందా?"

లాంతరు లేవలేదు. ఈ ముసలాయన చాదస్తం నా నోటి దగ్గర కూడు తీసేస్తోందని తిట్టుకుంటూ మైకు స్విచ్చి ఆపి, పక్కకు విసిరేశాను. వాల్వుల సన్నని జుమ్ము తప్ప ఏ చప్పుడూ లేదు...

అప్పుడు వినిపించింది.

"కదిరప్పన్నా..."

కానుగ చెట్టు వైపు నుంచి. నా గొంతు. నా నోరు మూసే ఉంది. వీరప్ప నవ్వు ఆగిపోయింది. వాడు నా పెదాల వైపు చూస్తున్నాడు.

"నువ్వేనా?" అన్నాడు గుసగుసగా.

నేను తల అడ్డంగా ఊపేలోగా, దూరంగా, సన్నగా, కదిరప్పన్న పలికాడు. "ఆ... వస్తాండా."

లాంతరు లేచింది. కదిలింది... మా వైపు కాదు.

పరిగెత్తాను. నా వెనక కుంటుకుంటూ వీరప్ప ఒక్కడే వచ్చాడు. గొట్టం చెట్టుకు కట్టే ఉంది. వైరు కొస కింద మట్టిలో పడి ఉంది, పక్కనే చాకు. ఇంకా గొట్టానికి తగిలించనే లేదు. అందుకే లాంతరు లేవలేదు. పందిరి దగ్గర గొట్టాల్లో నేను పిలిచిన రెండు పిలుపులూ ఆయనకు వినిపించాయి. మూడోదాని కోసం ఆగాడు. మూడోది మాత్రం వైరు లేని ఈ గొట్టంలోంచి వచ్చింది. సెట్టు లేని ఆ చోట వేడెక్కిన దుమ్ము వాసన వస్తోంది... వార్నీషు వాసన కూడా.

కదిరప్పన్న వల్లకాట్లో అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. లాంతరు ముందు పెట్టుకున్నాడు. భుజం పట్టి కుదిపాను. నా వైపు తిరిగి నోరు తెరిచాడు. మాట రాలేదు. గాలి కూడా వచ్చినట్టు లేదు. మూడు వేళ్ళు ఎత్తి చూపించి, నువ్వే కదా అన్నట్టు నన్ను చూశాడు. నేను రెండు వేళ్ళు ఎత్తాను. ఆయన ఆ రెండు వేళ్ళనూ చాలాసేపు చూశాడు.

మునెప్ప ఆట ఆపలేదు. గిటార్ పక్క పల్లెల దాకా వినిపించిందని జనం మెచ్చుకున్నారు. వీరప్ప ఆట మొదలుకాక ముందే హార్మోనియం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను కోరుకున్నదంతా ఒక్క పూటలో దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

కృష్ణగిరి డాక్టరు గొంతులో ఏ జబ్బూ లేదన్నాడు. కదిరప్పన్న భార్య తిమ్మక్క నన్ను తిట్టలేదు, శాపం పెట్టలేదు. గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఆయన గొంతు యాడ పెట్టినావప్పా?"

ఆ ప్రశ్నకు ఆ సంవత్సరం చివర్లో గురుబరపల్లిలో జవాబు దొరికింది. బండి మీంచి సామాను దించుతున్నాం. సెట్టు ప్లగ్గు నా చేతిలో ఉంది. కదిరప్పన్న నా పక్కనే వైరు విప్పుతున్నాడు. బండిలో ఉన్న గొట్టంలోంచి ఆయన గొంతు నా పేరు పెట్టి పిలిచింది.

"రాజప్పా..."

తిరిగి చూశాను. ఆయన పెదాలు మూసే ఉన్నాయి.

"రాజప్పా, వినిపిస్తాందా?"

కదిరప్పన్న పిలిస్తే పలకడం నాకు అలవాటు. మాట నాలుక చివరికి వచ్చేసింది. కదిరప్పన్న తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టి బలంగా నొక్కాడు. ఆ చెయ్యి మంచులా ఉంది. ఈసారి అది రెండుతో ఆగలేదు. మూడో పిలుపు పూర్తయి, గుట్టకు తగిలి, తిరిగి వచ్చేదాకా ఆయన చెయ్యి తీయలేదు. గిటార్ మళ్ళీ ముట్టలేదు నేను.

ఇప్పుడు బేరిగై పేరు ఎత్తితేనే నాకు విసుగు. ఎవరు ఎన్నిసార్లు పిలిచినా పలకను. పని ఉన్నవాళ్ళు వచ్చి భుజం తడతారు. నా భార్య అంగాళమ్మ కూడా అంతే. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నా పేరు పలికి ఎరగదు, మా ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు.

మొన్న సందెవేళ పెరట్లో కట్టెలు సర్దుతున్నాను. ఇంట్లోంచి అంగాళమ్మ గొంతు వినిపించింది.

"రాజప్పా..."

కట్టెలు వదిలేసి లోపలికి పరిగెత్తాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఏమైందని ఆమె భుజం పట్టుకుని అడిగాను. ఆమె నోరు తెరిచింది. మాట బయటికి రాక మూసింది. తర్వాత పెరటి వైపు చూపిస్తూ, నువ్వే కదా అన్నట్టు, మూడు వేళ్ళు ఎత్తింది.