సగం మాత్ర

ఆ పొద్దు గొడవంతా అర నిమ్మచెక్క దగ్గర మొదలైంది.

ముందురోజు కోసి మిగిల్చిన చెక్కను హమీదా బీ చిన్న గిన్నె కింద బోర్లించి దాచుకుంది. పొద్దున్నే ఉప్మాలో పిండుదామని గిన్నె ఎత్తి చూస్తే లేదు. తలతిప్పితే వంటింటి గుమ్మంలో తోడికోడలు జకియా కూర్చుని ఉంది. ఒళ్లో ఏడు నెలల రేహానా, నోట్లో నిమ్మచెక్క.

"అది ఉప్మాలోకి పెట్టుకున్నదే. బయట నిమ్మకాయ కండ్లబడి ఎన్నాళ్లయిందో తెలుసునా నీకు?"

"నోరు ఎండిపోతాంది అక్కా. ఆ మాత్రకు అట్లే అయితాది. నాలుక పోయి అంగిట్లో అతుక్కుంటాంది."

"మాకెవురికీ నోర్లు లేవులే. ఉండేది నీదొక్కటే, ఎండేది నీదొక్కటే."

జకియా చెక్కను నోట్లోంచి తీసి ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. లోపలి గదిలోంచి ఆమె మొగుడు హబీబ్ వచ్చాడు.

"ఒక నిమ్మకాయకు ఇంత రచ్చేంది వదినా? అర్దియా దాకా పోయి నేను తెచ్చిస్తా."

"దావలో ఇరాకోళ్ల తుపాకులకు ఏం చెప్తావు? మా ఇంటామెకు నోరెండింది, దావ ఇడవండి అంటావా?"

ఖుబూస్ క్యూలోంచి అప్పుడే తిరిగొచ్చిన హమీదా మొగుడు ఖాజా హుస్సేన్ నాలుగు రొట్టెలు బల్లమీద పడేసి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తెల్లారకముందే మొదలయిందా మీ యుద్ధం? ఇదో, ఇంట్లో ఏముంటే అది అల్మారాలో పెట్టి తాళమెయ్యండి. తాళం పెద్దదాని దగ్గరుంటాది. అడగనిదే ఎవరూ ఏదీ ముట్టేది లేదు. ఖలాస్."

"అయితే ఆ మాత్రలు గూడా తాళం కిందికే రావాల," అంది హమీదా వెంటనే. "ఇంటెడు సామాను నా చేతిలో ఉండి, అవొక్కటి హబీబు జోబీలో ఎందుకు?"

హబీబ్ అన్న మాట కాదనలేక, చొక్కా జేబులోంచి డబ్బా తీసి వదిన చేతికిచ్చాడు.

కువైట్‌ను ఇరాక్ సైన్యం పట్టుకుని అప్పటికి మూడు వారాలు దాటింది. రిగ్గైలో ఆ రెండు గదుల ఇంట్లో అన్నదమ్ముల కుటుంబాలు రెండూ కలిసే ఉండేవి. ఖాజా హుస్సేన్ సబ్‌హాన్‌లోని ఒక గోదాములో లారీ నడిపేవాడు. హబీబ్ దర్జీ. హమీదా ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి యజమానురాలు పిల్లల్ని తీసుకుని కారులో సౌదీకి వెళ్లిపోయింది. గోదాము మూతపడింది, కుట్టుమిషను ఆగిపోయింది. రాయచోటిలో అమ్మ దగ్గర వదిలి వచ్చిన ఇద్దరు కొడుకుల గొంతు విందామంటే హమీదాకు ఫోను కలవడం లేదు.

బిడ్డ పుట్టిన రెండో నెలలో జకియా మాట మానేసింది. పాప ఏడ్చినా తల తిప్పేది కాదు. గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు గూకేదాకా అట్లాగే ఉండేది. అర్దియాలోని హైదరాబాదు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే మాత్రలు రాసింది. మొదట్లో ఏ మార్పూ కనపడలేదు. కొన్ని వారాలు పోయాక ఒకరోజు జకియా తనంతట తనే లేచి పాపకు తలంటింది. ఇంకొన్నాళ్లకు నవ్వింది.

ఆ రోజు డాక్టరమ్మ గదిలోకి హబీబు, జకియా వెళ్లారు. పాపను ఎత్తుకుని హమీదా తలుపు బయట నిలబడింది. లోపల చాలాసేపు మాట్లాడారు. బయటికి వచ్చాక ఏం చెప్పిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగితే లోకువైపోతానేమో అనిపించింది.

అప్పటినుంచి రోజూ ఆమె కళ్లముందే ఆ తంతు. సాయంత్రం అందరికంటే ముందు జకియా కంచంలో అన్నం పడాలి. తిన్న తర్వాత హబీబ్ గ్లాసుతో నీళ్లు తెచ్చి, మాత్ర అరచేతిలో పెట్టి, అది గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. దూరంగా కాల్పులు వినపడుతున్నా జకియా నిద్రపోయేది. హమీదాకు మాత్రం తెల్లవార్లూ కొడుకుల మొహాలే. ఒళ్లో బిడ్డను పెట్టుకుని ఏడవడానికి ఈమెకు తీరిక ఉంది, మందు ఉంది, నీళ్లిచ్చే మొగుడున్నాడు. బిడ్డల్ని సముద్రం అవతల పెట్టి తను ఎవరి ముందు ఏడవాలి?

ఒకసారి ఉండబట్టలేక మొగుణ్ని అడిగింది. "ఏమయ్యా, మన పెండ్లయి ఇన్నేండ్లయింది, ఒక్కదినమన్నా నాకు గ్లాసుడు నీళ్లిచ్చినావా?"

ఖాజా హుస్సేన్ తెల్లబోయాడు. "నీకేం రోగమొచ్చిందిమే?"

"అదే నేను చెప్పేది. రోగమొస్తేనే ఇస్తారు."

అల్మారా తాళం చేతికొచ్చిన రోజునుంచి హమీదా అన్నీ సగం చేసింది. టీపొడి సగం, చక్కెర సగం, పాపకు తప్ప అందరికీ పాలపొడి సగం. ఆ వరసలోనే డబ్బా మూత తీసి మాత్రల్ని చూసింది. జకియా బాగానే ఉంది కదా, పాపతో ఆడుతోంది కదా అనుకుంది. రేపు బస్సెక్కి ఎడారిలో పడితే ఇవి ఎవరిస్తారు? ఇంటికి చేరేదాకా రావాలి కదా! అంతా న్యాయంగానే తోచింది. పూత ఉన్న మాత్రను చాకుతో రెండు ముక్కలు చేసింది. చాకు దిగినప్పుడు మనసులో ఒక మూల చల్లగా అనిపించింది. ఆ చల్లదనం ఎందుకో ఆమె ఆలోచించలేదు.

సాయంత్రం హబీబు చేతికివ్వకుండా తనే ఆ ముక్కను జకియా అరచేతిలో పెట్టింది. నోట్లో వేసుకోగానే జకియా మొహం ముడుచుకుంది.

"చేదుగుండాది అక్కా. నాలుక మొద్దుబారిపాయె."

"మందు చేదు గాకుండా పాయసమైతాదా? మింగు."

జకియా అరచేతిని ఒకసారి చూసుకుని, హమీదా మొహంలోకి ఒకసారి చూసింది. నీళ్లు తాగింది.

కొన్నాళ్లకే ఇల్లు మళ్లీ పాతదారి పట్టింది. జకియాకు నిద్ర కరువైంది. ఏం తిన్నా కడుపులో తిప్పేది. ఊరికే ఉలిక్కిపడేది, దుప్పటి కొస పట్టుకుని నలుపుతూ కూర్చునేది. పాప పాకుతూ వెళ్లి కొంగు లాగినా చూసేది కాదు. మందు చాలడం లేదేమోనని హబీబు, దేశం ఇట్లా తగలబడితే ఎవరికైనా ఇంతేనని ఖాజా హుస్సేను. హమీదా గిన్నెలు తోముతూ వినేది, నోరు విప్పేది కాదు. ఇప్పుడు నిండు మాత్ర ఇస్తే ఎందుకిచ్చావని ఎవరూ అడగరు. అయినా ఇవ్వలేకపోయింది. ఇస్తే, ఇన్నాళ్లూ చేసింది తప్పని తనకు తాను ఒప్పుకున్నట్టవుతుంది.

శుక్రవారం పొద్దున జకియా పక్కమీంచి లేవలేదు. "పాపను అక్కకు ఇచ్చెయ్. నాకాడుంటే బతకదు," అందట హబీబుతో. అతను పరుగున వంటింట్లోకి వచ్చాడు.

"వదినా, తాళం తియ్యి. డబ్బా ఇటియ్యి."

"ఇప్పుడెందుకు? సాయంత్రం కదా ఏసేది."

"ఒకటి సాలదు. ఇప్పుడే రెండేస్తా. కావాలంటే మూడేస్తా. దాని మొగం చూస్తే నాకు గుండె ఆగిపోతాంది."

వదిన తాళం తీయగానే అతను డబ్బా అందుకోబోయాడు. హమీదా ముందే లాక్కుని రెండు చేతులతో దాన్ని రొమ్ముకు అదుముకుంది.

"వద్దు హబీబూ! ఎక్కువెయ్యగూడదు!"

"ఏమే, నీ మందా అది? ఇయ్యవా?" అంటూ ఖాజా హుస్సేన్ కూడా వచ్చాడు. "ఏందిమే, పిచ్చి పట్టిందా? వాని పెండ్లాం మందు వానికియ్యి."

పెనుగులాటలో మూత ఊడి మాత్రలు గచ్చుమీద దొర్లాయి. గుండ్రటి మాత్రల మధ్య సగం ముక్కలు తెల్లగా కనపడ్డాయి. నేలమీద పాకుతున్న రేహానా ఒకదానికోసం చెయ్యి చాచింది. హమీదా దూకి పాపను ఎత్తుకుంది. హబీబ్ వంగి ఒక ముక్కను వేళ్లమధ్య పట్టుకుని చూశాడు.

"ఇదేంది?"

హమీదా పాపను గట్టిగా హత్తుకుంది.

"ఇదేందని అడుగుతాండా వదినా."

"సగమే ఇస్తాండా." హమీదా గొంతు తనకే వినపడలేదు. "తాళం నా చేతికొచ్చిన్నుంచి. ఊరికి పొయ్యేదాకా వస్తాయని..."

హబీబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పెండ్లాం టీపొడా వదినా?"

ఖాజా హుస్సేన్ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగకముందే గుమ్మంలోంచి మాట వినపడింది. గోడ పట్టుకుని జకియా నిలబడి ఉంది.

"అక్కననద్దు బావా. నాకు తెలుసు. మొదటిరోజే చూసినా."

"తెలిసి ఎందుకు గమ్మునున్నావు?" అన్నాడు హబీబ్.

"బియ్యం సగం, పాలు సగం. నేను గూడా సగమే సాలునేమో అనుకున్యా. ఎట్లా నేను ఎవురికీ ఉపయోగం లేదు కదా."

ఆ మాట విని హమీదా పాపతో సహా గచ్చుమీద కూలబడింది. "ఊరికోసం కాదు జకియా," అంది ఏడుస్తూ. "అబద్ధం చెప్తాండా. నీకు హబీబు నీళ్లిస్తాంటే సూడలేకపోయినా. నువ్వు నిద్రపోతాంటే సూడలేకపోయినా. బిడ్డ నీ ఒళ్లో ఉండాదే అని..."

ఖాజా హుస్సేన్ ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. అతను పక్కింటి కారు అడిగి తెచ్చాడు. అందరూ అర్దియాకు బయల్దేరారు. దారిలో సైనికుడొకడు ఆపి, వెనక సీట్లో ఉన్న జకియా మొహం చూసి, ఏమీ అడక్కుండా చెయ్యి ఊపాడు.

క్లినిక్ మూసేశారు. డాక్టరమ్మ తన ఇంట్లోనే మంచాలు వేసి రోగులను చూస్తోంది. హమీదా అలవాటుగా తలుపు బయటే ఆగిపోయింది.

"లోపలికి రామ్మా, నువ్వు గూడ," అని పిలిచింది డాక్టరమ్మ. అంతా విని కోపగించలేదు. తిట్టినా బాగుండునని హమీదాకు అనిపించింది.

"గిది జ్వరం గోలీ కాదమ్మా, తగ్గిందని ఆపెయ్యనీకి. ఈమె మంచిగున్నదంటే గోలీ పని చేస్తున్నదని లెక్క. తగ్గియ్యాలన్నా, ఆపాలన్నా నేనే చెప్తా. గది గూడ నెమ్మదిగ, కొంచెం కొంచెం." తర్వాత హబీబు వైపు తిరిగింది. "నువ్వు రెండు మూడు వేస్తనన్నవంట. ఎక్కువైతే గుండె మీదికొస్తది. ప్రాణం పోతది. ఒకరోజు మరిచిపోయినా తెల్లారి రెండు కలిపి వెయ్యొద్దు. డబ్బా పిల్లకు అందకుండ తాళంలనే ఉండాలె. అది మంచి పనే."

డాక్టరమ్మ జకియా చెయ్యి పట్టుకుని చాలాసేపు నెమ్మదిగా అన్నీ అడిగింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడిగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. జకియా మాత్రం ఎవరో బరువు దించినట్టు ఊపిరి వదిలి జవాబు చెప్పింది. మళ్లీ నిండు మాత్రకు ఎట్లా రావాలో డాక్టరమ్మ వివరించింది. తన దగ్గరున్న మాత్రలు ఇంకొన్ని ఇచ్చింది. "కొన్నాళ్లు ఒంటరిగ వదలకండి. రోజు విడిచి రోజు నాకు చూపియ్యండి. ఎడారి దారి ఇప్పుడే వద్దు. ఈ గోలీ వేసుకున్నోళ్లు ఎండకు తొందరగ సొమ్మసిల్లుతరు. కొంచెం కుదుటపడినంక పోండి, నీళ్లు బాగ తాగిస్తూ."

లేవబోతూ హమీదాను చూసింది. "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

హమీదా కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"ఈమె గోలీ నువ్వు ముట్టకు. నీది నీకు వేరే చూడాలె. ఎల్లుండి ఈమెతో వచ్చినప్పుడు నీతోని గూడ మాట్లాడుత."

ఆ సాయంత్రం చాప పరిచి నలుగురూ ఒకేసారి కూర్చున్నారు. ఆ ఇంట్లో అట్లా కూర్చోవడం అదే మొదలు. పప్పు, అన్నం, కాల్చిన ఖుబూస్. ఖాజా హుస్సేన్ ముద్ద కలుపుతూ ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "కిందింటి చిన్నపుల్లయ్య చెప్పినాడు. ఆదివారం బస్రాకు బస్సుపోతాది. మన నాలుగు పేర్లూ రాసుకున్నాడు. ఆడనుంచి బాగ్దాదు, అమ్మాను, ఆపైన విమానం."

హమీదా చెయ్యి కంచంలో ఆగింది. అమ్మాను దాటితే బొంబాయి, బొంబాయి దాటితే ఇల్లు. కొడుకులిద్దరూ వాకిట్లో ఎదురుచూస్తున్నట్టు కనిపించింది.

"ఆదివారం బస్సు మనం ఎక్కేది లేదు," అంది. "డాక్టరమ్మ సరే అన్నాక వచ్చే బస్సు ఎక్కుతాం."

"మరి పిల్లోల్లు అక్కా?" అంది జకియా.

"వాళ్లు మా యమ్మ దగ్గర ఉండారు. తిండికి కొదవ లేదు, తుపాకుల మోత లేదు. నిన్ను దావలో పోగొట్టుకొని పోయి నేను వాళ్లకు ఏం మొగం చూపీల?"

కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి, మాత్రల డబ్బాతో కలిపి హబీబు ముందు పెట్టింది. "ఇంక ఇది నీది. నాకాడ వద్దు."

హబీబ్ చెయ్యి చాపబోయాడు. జకియా అతని చేతిని ఆపింది. డబ్బాను, తాళాన్ని మళ్లీ హమీదా వైపు నెట్టింది.

"డబ్బా అక్క దగ్గరే ఉంటాది," అంది. అందరూ ఆమె వైపు చూశారు. గొంతు నీరసంగానే ఉన్నా మాట తడబడలేదు. "ఈయప్ప ఇచ్చేటప్పుడు నా మొగంలోకి చూస్తాడు, సస్తానేమో అని. రోజూ ఆ చూపు చూసి నాకు భయమైతాది. అక్కయితే తిట్టి ఇస్తాది. తిడితే నేనింకా మనిషినే అనిపిస్తాది."

"మళ్లీ సగం చేస్తే?" అన్నాడు హబీబ్, నవ్వాలో ఏడవాలో తెలియక.

"సగమైతే నాలుకకు తెలీదా? ఈసారి ఊరుకోను, అరుస్తా."

ఖాజా హుస్సేన్ లేచి వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చాడు. ఒకటి మరదలి ముందు పెట్టాడు. రెండోది భార్య ముందు పెట్టి, తప్పు చేసినవాడిలా పక్కకు తిరిగి కూర్చున్నాడు.

హమీదా కళ్లు తుడుచుకుని డబ్బాను తనవైపు లాక్కుంది. నిండు మాత్ర ఒకటి తీసి, గుప్పిట్లోనే పట్టుకుంది.

"నా మొగం ఏం చూస్తావే? ముందు ఆ అన్నం తిను. వట్టి కడుపుకు ఇచ్చేది లేదు."