పేరు రాయని సీసా

అమ్మ చనిపోయాక ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన పెట్టిన రోజునే ఆమె సీసా పోయింది.

కుర్చీలు తేవడానికి చర్చి హాలుకు వెళ్లి వచ్చేసరికి, వంటగది కిటికీలో ఉండాల్సిన అమ్మ పాత ఆవకాయ సీసా సింకు పక్కన బోర్లించి ఉంది. తళతళలాడుతోంది.

“ఇందులో నీళ్లేవి?” అని అడిగాను.

గిన్నెలు తుడుస్తున్న అమ్మాయి తలెత్తింది. పేరు అబిగేయిల్. కాకినాడ నుంచి ఐర్లండ్‌లో మేముండే ములింగార్ వచ్చి మూడు నెలలైన నర్సు. వంటకు సాయంగా మా చర్చి ప్రిస్కిల్లా ఆంటీ వెంటబెట్టుకొచ్చింది.

“ఆ పచ్చనీళ్లాండీ? నాచు పట్టేసుంటే పారబోసేశాను. సీసా చూడండి, ఎలా మెరుస్తుందో.”

“మిమ్మల్ని ఎవరు ముట్టుకోమన్నారు?”

పొయ్యి దగ్గర ఉల్లిపాయలు వేయిస్తున్న ఆంటీ వెనక్కి తిరిగింది. “ఏంటి యెషయా, నాచు కోసం ఆడపిల్లని అంత మాటంటావా? కొళాయి తిప్పితే మళ్లీ రావూ నీళ్లు?”

నేను పిల్లలకు సైన్సు చెబుతాను. కోపంలో కూడా వాక్యం పూర్తిచేయడం అలవాటు. పూర్తిగానే చెప్పాను.

ఆ నాచు పోయిన వేసవిలో నేనూ అమ్మా కాలువ గట్టు మీద నడుస్తూ తెచ్చుకున్నది. ఆమె మంచం పట్టాక సీసా మంచం పక్కకు చేరింది. రోజూ పొద్దున స్ట్రాతో అందులోకి ఐదుసార్లు ఊదేది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నాచులో ఉన్న రుబిస్కో అనే ఎంజైమ్ పట్టుకుంటుంది. నాచు దాంతో తన ఒళ్లు కట్టుకుంటుంది.

“ఆ పచ్చదనంలో కొంత మా అమ్మ ఊపిరి. లెక్కకు చాలా కొంచెం. నాకు మిగిలింది అదే. దాన్ని మీరు సింకులో పోశారు.”

అబిగేయిల్ చేతిలోని గుడ్డను మడిచి పెట్టి, కోటు వేసుకోకుండానే వానలోకి వెళ్లిపోయింది.

కూడికకు వచ్చినవాళ్లు నన్ను ఓదార్చారు. సీసాదేముంది నాయనా అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఒళ్లు మండింది.

మరుసటి శనివారం బెల్లు మోగింది. గుమ్మంలో ఆమె. హుడ్ నుంచి నీళ్లు కారుతున్నాయి.

“క్షమాపణ చెప్పడానికి వచ్చారా?”

“సగం అందుకే. మిగతా సగం దెబ్బలాడటానికి.”

“అయితే రెండోది ముందు కానివ్వండి.”

“సీసా మీద పేరెందుకు రాయలేదు? మా వార్డులో పేరు లేని సీసా కనిపిస్తే పారబోయాల్సిందే. మీ ల్యాబులో పిల్లలు లేబుల్ పెట్టకపోతే ఏం చేస్తారు మీరు?”

“రెండు మార్కులు తీసేస్తాను.”

“మరి మీకెన్ని తీసేయాలి?”

అడిగింది న్యాయమే అయినందుకు కోపం ఇంకా పెరిగింది. టీ పెట్టాను.

“మీ రుబిస్కో గురించి చదివానండి,” అందామె కప్పు అందుకుంటూ. “చాలా స్లోగా పనిచేస్తుందట. నాలుగైదుసార్లకి ఒకసారి కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్ పట్టుకుంటుందట. మొద్దని రాశారు.”

“రాసినవాళ్లకేం?” నా గొంతు లేచింది. “వాళ్లు తినే తిండి దాని చలవే. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేని రోజుల్లో పుట్టిందది. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ కంటే ఆక్సిజన్ ఐదువందల రెట్లు ఎక్కువ. ఆ రద్దీలో అన్నిసార్లు సరిగ్గా పట్టుకుంటుంటే మొద్దంటారా?”

“అంటే అది పొరపాటు చేస్తే వెనకేసుకొస్తారు. నేను చేస్తే వానలోకి తరుముతారు.”

కప్పు అంచు మీదుగా ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి. నేను కిటికీ వైపు తిరిగాను.

“పొరపాటును ఆకు అలా వదిలేయదు,” అన్నాను. “కణంలోనే మూడు గదులు తిప్పి, పోయిన కార్బన్‌లో ముప్పాతిక వంతు వెనక్కి తెచ్చుకుంటుంది.”

“మూడు గదులా? మీ ఇంట్లో ఎన్ని?”

“మూడే.”

“లేవండి అయితే. ఎక్కడైనా చుక్క మిగిలుంటుంది.”

వంటగదిలో ఏమీ లేదు. కిటికీ గట్టును కూడా ఆమె ఆ రోజే తుడిచేసింది. “ఇంత బాగా తోమి చావాలా నేను?” అని తనను తానే తిట్టుకుంది. ముందు గదిలోనూ లేదు. మూడో తలుపు మూసి ఉంది.

“అది అమ్మ గది,” అన్నాను. “ఆమె పోయిన రోజు సీసా ఇవతలకు తెచ్చి మూశాను. మళ్లీ తెరవలేదు.”

ఆమె వెనక్కి జరిగింది. “నేను తెరవనండి. ఈసారి మీరు చెప్పకుండా ఏదీ ముట్టుకోను.”

నేనే తెరిచాను.

మంచం పక్కన, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అలమరలో బిస్కెట్ల డబ్బా ఉంది. దాని నిండా మూతలు. అమ్మ ఏ సీసా మూతనూ పారేసేది కాదు. జనవరిలో పగిలిందని నేను పారేయమన్న నాచు సీసా మూత కూడా అందులోనే ఉంది. స్ట్రా కోసం చేసిన కంత చుట్టూ పచ్చగా ఎండిన చార.

“బతికుందా?” గుసగుసగా అడిగింది.

“కొన్ని రకాలు ఎండినా బతుకుతాయి. ఇది ఆ రకమో కాదో నాకు తెలియదు.”

“పేషంటు బంధువులకి మేమూ ఇలాగే చెప్తాం.”

చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది.

కాలువ నీటిని మరిగించి, చల్లార్చి, మూతను అందులో వేశాం. డ్యూటీ దిగిన ప్రతిసారీ ఆమె వచ్చి చూసి వెళ్లేది. పన్నెండో రోజుకూ నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నాకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియలేదు. ఆమె మాత్రం ఐరిష్ వాళ్లలాగా “గ్రాండ్, గ్రాండ్” అని సీసాకు ధైర్యం చెప్పేది.

పంతొమ్మిదో రోజు సీసా అడుగున లేత పచ్చన కనిపించింది.

నేను ఊదాను. స్ట్రా మార్చి ఆమెకు ఇచ్చాను.

“నేనా? పారబోసిందే నేను కదండీ.”

“అందుకే ఊదండి.”

ఆమె ఊదబోయి ఆగింది. “యెషయా గారూ, ఇక ఇందులో నా ఊపిరి కూడా కలుస్తుంది. తర్వాత వేరు చేద్దామన్నా కుదరదు. ఆలోచించుకున్నారా?”

“ఆలోచించుకునే ఇచ్చాను.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఐదుసార్లు ఊదింది.

“ఆంటీకి మన సంగతి నేను చెప్పనా, మీరు చెప్తారా?”

“నేనే చెబుతాను. కానీ కొళాయి మాట అన్నందుకు ముందు ఆవిడ నాచుకు సారీ చెప్పాలి.”

“అబ్బో. ఇంకా తగ్గలేదు సార్‌కి.”

నిజమే, తగ్గలేదు.

బడి నుంచి లేబుల్ తెచ్చి సీసాకు అతికించి నాలుగు రోజులైంది. అమ్మ పేరొక్కటే రాయాలా, మా ముగ్గురివీ రాయాలా అన్నది తేలలేదు. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.